పొగాకు సీసాలో పెంకు

నేను ఒక పెంకును. నవ్వుకోండి, ఫరవాలేదు. పగిలిన కుండ ముక్కకు కూడా చెప్పుకోవడానికి ఒక బతుకుంటుందా అని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు. నాకు వచ్చిన విద్య ఒక్కటే. నీళ్ళు పీల్చుకోవడం, మెల్లగా వదలడం. ఆ విద్యను నమ్ముకుని ఒక పెద్దమనిషి సీసాడు పొగాకునూ, దాంతోపాటు ఒక స్నేహాన్నీ దాచుకుందామని చూశాడు. పొగాకును దాచిపెట్టాను. రెండోది నా వల్ల అయ్యే పని కాదు, ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు నోరు లేదు.

పుట్టడం కూజాగా పుట్టాను. ఒంగోలు దాటాక వచ్చే చిన్న ఊరు మాది. చుట్టూ నల్లరేగడి చేలు, చేల నిండా పొగాకు. కుమ్మరి నన్ను కాల్చి వామిలోంచి తీసి గోటితో కొట్టి చూసి, "ఖంగుమంటోంది" అని మురిసిపోయాడు. వామనరావు నన్ను కొనుక్కెళ్ళి తన ఫోటో స్టూడియోలో ఒక మూల ఇసుక పోసి కూర్చోబెట్టాడు. స్టూడియో అంటే ఆయన ఇంటి ముందు గదే. వెనక గదుల్లో ఆయన భార్య తాయారమ్మ, ఆమె వంట, ఆమె మడి.

ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్ళందరికీ నా నీళ్ళే. ఎండన పడి వచ్చిన మనిషి గుటకలు వేస్తుంటే నాకు ఎంత బాగుండేదో! కాకపోతే ఒక సంగతి చూశాను. కొందరికి గ్లాసులో పోసి ఇచ్చేవాడు వామనరావు. కొందరు గ్లాసు అడిగేవాళ్ళు కాదు, వాళ్ళంతట వాళ్ళే వంగి దోసిలి పట్టేవాళ్ళు. వాళ్ళకు నన్ను ఎత్తి పట్టుకుని పైనుంచి పోసేవాడు. ఫోటోల కవరు కూడా అంతే, కొందరికి చేతికి, కొందరికి చేతిలోకి పైనుంచి. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. దానికి ఆయన ఆలోచించినట్టు కూడా కనపడేది కాదు. ఆలోచన లేకుండానే చెయ్యి ఏ ఎత్తున ఆగాలో ఆ ఎత్తున ఆగేది.

దోసిలి పట్టని మనిషి ఒకడుండేవాడు. జయపాల్. పెళ్ళి బ్యాండు మేస్త్రీ, క్లారినెట్ వాయించేవాడు. మిషన్ హైస్కూల్లో వామనరావుకు ఒకే బెంచీ మీద స్నేహితుడు. "ఒరే వామనం" అంటూ మెట్లెక్కాడంటే స్టూడియో అంతా కదిలేది. ఇద్దరికీ పైపు అలవాటు. మేస్త్రీకి అది దర్జా, ఫోటోగ్రాఫరుకు అది కాలక్షేపం. సాయంత్రం పని అయ్యాక అరుగు మీద కూర్చుని చెరొక పైపూ ముట్టించేవాళ్ళు. తాయారమ్మ టీ పంపేది, భర్తకు స్టీలు గ్లాసులో, జయపాల్‌కు గాజు గ్లాసులో. గాజు గ్లాసు కాపురం అరుగు మీది గూట్లోనే. తాగాక జయపాల్ తనే కడిగి అక్కడే బోర్లించి వెళ్ళేవాడు. వామనరావు ఆ గ్లాసును ఒక్కసారైనా చూశాడో లేదో నాకు అనుమానమే.

ఆ జయపాలే నన్ను పగలగొట్టాడు. కొత్త పాట ఒకటి వాయించి చూపిస్తూ, పాట పైకెళ్ళిన చోట తనూ పైకి లేచి, మోచేయి విసిరాడు. నా పని సరి! గది నిండా నీళ్ళు.

"అయ్యో, ఎంత పని చేశాన్రా వామనం!" అని నా ముక్కలు ఏరుతూ, నడుం దగ్గరి ముక్కను చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. "ఆగరా. దీంతో పనుంది."

ఆ పనేమిటో చెబుతాను. వాళ్ళ పైపు పొగాకు మద్రాసు నుంచి డబ్బాలో వచ్చేది. మా ఊరి పొలాల్లో పెరిగిన ఆకు ఓడలెక్కి ఎక్కడికో వెళ్ళి, తీపి పూసుకుని, బొమ్మల డబ్బాలో దొరలాగా తిరిగొచ్చేదన్నమాట. డబ్బా మూత తీయనంతకాలం బాగానే ఉండేది. తీసిన తర్వాత మా ఎండలకు వారం తిరిగేసరికి గలగలమనేది. ఎండిన పొగాకు భగ్గున మండి నాలుక కాలుస్తుంది. అలాగని తడి ఎక్కువైతే పైపు గురగురమంటుంది, మీదుమిక్కిలి బూజు. చిటికెడు తీసి వేళ్ళతో నొక్కి వదిలితే అది ఒళ్ళు విరుచుకున్నట్టు మెల్లగా విచ్చుకోవాలి. అదీ పదును.

జయపాల్ నన్ను అరుగు రాయి మీద అరగదీశాడు. కబుర్లు చెబుతూ, నవ్వుతూ, నాలుగు సాయంత్రాలు అదే పని. గుండ్రంగా, అరచేతిలో ఇమిడేటంత అయ్యాను. ఒక పక్క కాస్త ఎక్కువ అరిగి నొక్కు పడింది. "పోనీలే, దిష్టి తగలకుండా ఉంటుంది" అన్నాడు. తాయారమ్మ నిమ్మకాయ ఊరగాయకని కొనుక్కున్న రబ్బరు చుట్టు గాజు సీసాను వామనరావు ఎత్తుకొచ్చేశాడు. ఆవిడ గొణుక్కున్నా ఇచ్చింది. డబ్బా విప్పగానే పొగాకు సీసాలోకి, దాని మీద ఒక కాగితం, కాగితం మీద నేను. వారానికోసారి నన్ను నీళ్ళలో నానబెట్టాలి, పొడి గుడ్డతో తుడిచి పైతడి ఆరాక మళ్ళీ లోపల పెట్టాలి. తుడవడం మాత్రం మరిచిపోకూడదని జయపాల్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆ సీసాలో నేను గడిపినవి మంచి రోజులు. మూత తెరుచుకునేది, జయపాల్ వేళ్ళు దిగేవి, తర్వాత వామనరావు వేళ్ళు. ఒక్కోసారి రెండు చేతులూ ఒకేసారి దిగి, "ఆగరా తొందర" అంటూ ఒకటినొకటి తోసుకునేవి. ఆ ఇంట్లో ఆ ఇద్దరి చేతులూ కలిసి దూరిన గిన్నె ఇంకొకటి లేదు. నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆ యేడు శ్రావణంలో ముసురు పట్టింది. పెళ్ళివారెవరో ఫోటోలకని వచ్చి గదిలో కూర్చున్నారు. వామనరావు తొందర మీద ఉన్నాడు. నీళ్ళ గిన్నెలోంచి నన్ను తీసి, తుడవకుండా, కారుతున్నవాణ్ణి కారుతున్నట్టే కాగితం మీద పడేసి మూత బిగించి వెళ్ళిపోయాడు. నేను పట్టగలిగినంతే పట్టుకుంటాను. ఒంటి మీది నీళ్ళు తుడవడం మనిషి పని.

వారం దాటాక జయపాల్ వచ్చి మూత తీశాడు. "ఒరే వామనం! బూజురా" అన్నాడు.

కొత్త డబ్బా అది. వామనరావు లోపలికి తొంగి చూసి, ముక్కు పట్టుకుని, ఒళ్ళు మండి అన్నాడు: "తడి చెయ్యి పెట్టి ఉంటావు. మా ఇంట్లో ఆవకాయ జాడీకి ఎప్పుడన్నా బూజు పట్టిందా? ఎందుకు పట్టదో తెలుసా? ఎవరు పడితే వాళ్ళు చెయ్యి పెట్టరు కనుక!"

ఆవకాయ గురించి అన్నాననే అనుకున్నాడు మహానుభావుడు. గుమ్మంలో నిలబడ్డ తాయారమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. జయపాల్ తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. పైపు దులుపుకుని జేబులో వేసుకున్నాడు. తాగిన గాజు గ్లాసు తీసుకెళ్ళి, రోజూ కన్నా ఎక్కువసేపు కడిగి, గూట్లో బోర్లించాడు. "వస్తా" అన్నాడు. రాలేదు.

ఆయన మెట్లు దిగాక వామనరావు నన్ను బయటకు తీశాడు. నా కింద కాగితం మీద తడి మచ్చ, బూజు మొదలైంది అక్కడే. దాన్ని చూశాడు. నన్ను చూశాడు. పెళ్ళివారు వచ్చిన రోజు గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. అప్పుడు పరుగెత్తి ఉంటే వీధి చివర అందేవాడు కదా! వామనరావు కూర్చున్నచోటే కూర్చున్నాడు.

ఆ తర్వాత మాత్రం అబ్బో, ఏం శ్రద్ధ! సీసాను వేణ్ణీళ్ళతో కడిగి ఎండబెట్టాడు. మద్రాసు నుంచి మళ్ళీ డబ్బా తెప్పించి నింపాడు. ప్రతి ఆదివారం నన్ను నానబెట్టడం, చంటిపిల్ల తల తుడిచినట్టు తుడవడం, ఆరబెట్టడం. తను ఒక్క చిటికెడు కూడా తీసుకోలేదు. ఆ సీసా జయపాల్ కోసమట. వాడు వచ్చేసరికి పదును పోకూడదట.

"వెళ్ళి ఒక్క మాట అనండి. మిషన్ వీధి ఎంత దూరమని?" అనేది తాయారమ్మ.

"వస్తాడులే. వాడికి కోపం ఎక్కువ రోజులుండదు."

"ఇవాళ కమ్మవారి పెళ్ళిలో మీరిద్దరూ ఉన్నారుగా. పలకరించారా?"

"వాడి నోట్లో క్లారినెట్ ఉంటే ఎలా పలకరించను?"

"వాయించడం అయ్యాక?"

"నా మొహం మీద కెమెరా ఉంది."

ఇదీ వరస. పెళ్ళిళ్ళు అయ్యాయి, ఆ పెళ్ళిళ్ళ పిల్లలకు బారసాలలయ్యాయి, ఈయన ఫోటోలు తీశాడు, ఆయన బ్యాండు వాయించాడు. మిషన్ వీధికి నడవడం కన్నా నన్ను తడపడం తేలిక కదండీ. మనుషుల తెలివి చూస్తే నాకు మంట. నన్ను తుడిచిన ప్రతిసారీ ఆయనకు గుండె బరువు కాస్త తగ్గేది, ఆ తగ్గినంత మేరా వెళ్ళాల్సిన పని వాయిదా పడేది. పొగాకు మాత్రం మూత తీస్తే నిన్న విప్పిన డబ్బాలాగే గుమ్మనేది. ఏం లాభం?

చివరికి తాయారమ్మే కబురు మోసుకొచ్చింది. "జయపాల్‌కు ఊపిరి అందట్లేదట. క్లారినెట్ అమ్మేశాడట. ఇంకా ఆదివారం కోసం చూస్తారా?"

వామనరావు సీసాను సంచీలో పెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. "ఆ రోజు తుడవంది నేనేరా. నీ చెయ్యి కాదు. నేను అన్న మాట మాత్రం..." ఇక్కడిదాకా వచ్చి ఆగేవాడు, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకునేవాడు. సంచీలో నేను విన్నాను. ఈసారి అంటాడని నమ్మాను, నా బుద్ధి అలా ఏడ్చింది.

జయపాల్ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఎంత చిక్కిపోయాడో! గుమ్మంలో మనిషిని చూసి లేవబోయాడు.

"రండి రావుగారూ. కెజియా, తాతగారికి కుర్చీ వెయ్యమ్మా."

'రండి' అన్నాడు. 'రావుగారూ' అన్నాడు. వామనరావు అడుగు గడప మీదే ఆగింది, సంచీలో సీసా గోడకు నేను తగిలాను. కెజియా, జయపాల్ మనవరాలు, కుర్చీ వేసి, తళతళలాడే స్టీలు గ్లాసులో మంచినీళ్ళు తెచ్చింది.

"ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాడు వామనరావు.

తాగి రాలేదు. ఎండన పడి నడిచొచ్చాడు, పెదాలు అంటుకుపోతున్నాయి. కావాలని అన్నాడని కూడా అనను. అలవాటైన నోరు తనంతట తనే అనేసింది. జయపాల్ గ్లాసు వైపు చూసి, మెల్లగా కళ్ళు తిప్పుకున్నాడు. పిల్ల గ్లాసు వెనక్కు తీసుకెళ్ళింది.

వామనరావు గబగబా సీసా తీసి మంచం మీద పెట్టాడు. "చూడరా, నువ్వు చేసిన పెంకే. పొగాకు ఎలా ఉందో చూడు."

మూత తీశారు. ఆ వాసనకు జయపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఒక్క క్షణం అరుగు మీది పాత మనిషి కనపడ్డాడు నాకు. నా నొక్కును బొటనవేలితో తడిమి, పక్కన పెట్టాడు. ఇక ఆ వేళ్ళు దిగుతాయని నేను ఎదురుచూశాను. దిగలేదు.

"కెజియా, ఒక చెంచా పట్రామ్మా."

"చెంచా ఎందుకురా? చెయ్యి పెట్టు" అన్నాడు వామనరావు. సీసాను ఇంకాస్త ముందుకు జరిపాడు.

"వద్దులెండి. ఇంతకాలం దాచారు. పాడైపోతుంది."

వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. చెంచాతో కాస్త తీసి అరచేతిలో పోసుకుని, నొక్కి వదిలాడు. మెల్లగా విచ్చుకుంది. "మంచి పదునుగా ఉంచారు. డాక్టరు పైపు మాన్పించాడు, వాసన చూసుకుంటాను" అన్నాడు.

ఇప్పుడు అను! అనవయ్యా! నేను లోపల్లోపల అరుస్తున్నాను. వామనరావు నోరు తెరిచాడు. "మూత గట్టిగా పెట్టించు" అన్నాడు. "వారానికోసారి పెంకు తడపమను. తుడిచి... తుడిచి పెట్టాలి. ఆ రోజు..."

"తెలుసండీ. నేను చెప్పిందే కదా" అన్నాడు జయపాల్.

అంతే. వామనరావు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ నెల దాటకుండా జయపాల్ కన్ను మూశాడు. వాళ్ళింట్లో సీసాలో పంచదార పోసుకున్నారు. పొగాకును పెరట్లో గుమ్మడిపాదు మొదట్లో పారబోశారు. నన్ను వీధిలోకి విసిరారు. కెజియా ఏరుకుని తొక్కుడుబిళ్ళ ఆటకు బిళ్ళ చేసుకుంది.

ఒక సాయంత్రం కెజియా ఎగిరి తంతే గీత దాటి పోయి ఎవరి చెప్పులకో తగిలాను. వామనరావువి. సమాధి చూసి వస్తున్నాడు కాబోలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంగి నన్ను తీశాడు. ఆయన వేలు నొక్కును పట్టేసింది. కన్నీటి చుక్క ఒకటి నా మీద పడితే పీల్చుకున్నాను. అది నా విద్య కదా.

"తాతా, మా బిళ్ళ" అంటూ పిల్ల చెయ్యి చాపింది. జయపాల్ చెయ్యే, చిన్నది.

ఆ చేతిలో నన్ను పెడతాడు, పెట్టి వేళ్ళు మూస్తాడు అనుకున్నాను. ఆయన చెయ్యి కిందికి వచ్చింది. పిల్ల అరచేతికి జానెడు ఎత్తున ఆగింది. అక్కణ్ణుంచి వేళ్ళు విడిచాయి.

పడ్డాను. పగల్లేదు. పిల్ల నన్ను గౌనుకు తుడుచుకుని ఆటకు పరుగెత్తింది.