శెట్టిగారి గడ్డం

మా ఆయన వాసుదేవ్‌కు పత్తికొండలో చీరల కొట్టు ఉంది. నలభై ఆరో ఏట ఆయన గుర్రమెక్కారు. ఊరికే ఎక్కి దిగితే నేనేమీ అనేదాన్ని కాదు. ఇద్దరు గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి, పొడవాటి బల్లేలతో ఒకరి డాలు ఒకరు కొట్టే పోటీకి పేరిచ్చారు. ఆదివారం, కర్నూలు స్వారీ క్లబ్బులో.

"బల్లెం కొన మెత్తటి కొయ్యే. తగిలితే అదే విరిగిపోతాది" అన్నారు ధైర్యం చెబుతూ.

"విరిగిన పేళ్లు యాడికి పోతాయండీ?"

ఆయన ఫ్యాను వేగం పెంచారు.

శనివారం పరీక్ష. పెట్టేది జ్ఞానరాజు, పోలీసు గుర్రాల దళంలో చేసి రిటైరైనాయన. ఇనుప టోపీలో కళ్ల దగ్గర సన్నటి చీలిక ఉంటుంది. ముందుకు వంగి దాంట్లోంచి గురి చూడాలి. బల్లెం తగిలే క్షణంలో గడ్డం పైకెత్తాలి. ఎత్తకపోతే పేళ్లు నేరుగా కంట్లోకే. ఎత్తనివాణ్ణి జ్ఞానరాజు బరిలోకి రానివ్వడు.

మొదటిసారి జ్ఞానరాజు గుర్రం మీద ఎదురొచ్చాడు. మా ఆయన గడ్డం ఎత్తకుండా తల ఇంకా కిందికి వంచారు. జ్ఞానరాజు బల్లెం తగిలించకుండా పక్కకు తీసేశాడు. రెండోసారీ అంతే.

"ఏం శెట్టీ! గుర్రం మీద గూడా గిరాకీకి దండం పెడతాండావా?"

పాపం, ఇరవై రెండేళ్ల అలవాటు. ఎదురుగా మనిషి వస్తే ఆ తల వంగాల్సిందే.

"ఇంగొక్కసారి చూస్తా. వంచితే రేపు గుర్రం లేదు, కుర్చీనే" అన్నాడు జ్ఞానరాజు.

ఆ తల ఎప్పుడు లేస్తుందో నాకు తెలుసు. గుర్రాలు దగ్గరకొచ్చేదాకా ఆగి, కంచె అవతలి నుంచి అరిచాను.

"శెట్టీ, వంద తగ్గించప్పా!"

కాదన్నట్టు, టోపీతో సహా గడ్డం టక్కున పైకి లేచింది. లోపలి నుంచి "చ్చ్! గిట్టదమ్మా!" అని వినిపించింది.

జ్ఞానరాజు గుర్రం ఆపి నవ్వాడు. వెంటనే నవ్వు దాచుకున్నాడు.

"బాగుండాది గానీ, రేపు మీరు అరిస్తే వినపడదమ్మా. ఆయనంతకు ఆయనే ఎత్తాల. నోరు మూసుకోండి."

మూసుకున్నాను. ఈసారి నిజంగానే బల్లెం తగిలించాడు. కొయ్య విరిగి పేళ్లు ఎగిరాయి. గడ్డం లేచే ఉంది. నమ్మకం కుదరక ఇంకో రెండుసార్లు తిప్పించాడు. రెండుసార్లూ లేచింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను, "మనసులో ఏమనుకున్నారండీ?"

"మీ అక్క కొట్టు కాడికొచ్చి బేరమాడతాందనుకున్న్యా."

ఊరు దగ్గరపడ్డాక అన్నాను.

"రేపు చూడ్డానికి ఆ కొత్త నీలం పట్టుచీర కట్టుకొస్తా. కొట్లోంచి తెప్పించండి."

గడ్డం పైకి లేచింది. "చ్చ్."

"శభాష్" అన్నాను. "రేపు కూడా ఇంతే ఎత్తు ఎత్తండి."