దీవిలో ఇంకా ఎనిమిదిన్నరే

అక్క కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న దీవికి నర్సు ఉద్యోగానికి వెళ్ళి ఇరవై రోజులే అయింది. ఆమె ఫోన్ పెట్టేసినప్పటి నుంచి చెల్లెలు కుట్టుమిషను ముందు కూర్చుందన్న మాటేగానీ, ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

అక్క చెప్పింది కొంచెమే. "తుఫాను ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి ఒడ్డుకొస్తుందంట. నేను వార్డులోనే ఉంటా. ఎలా ఉన్నా సరే, తొమ్మిదింటికి ఒకసారి ఫోన్ చేస్తా. అప్పటిదాకా ఆపేసి ఉంచుతా, చార్జింగ్ తక్కువుంది."

బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పది అంతస్తుల ఎత్తున తాడు పట్టుకుని వేలాడుతూ జోకులేసే మనిషి. ఆ సాయంత్రం మాత్రం చేతులకంటిన గ్రీజైనా కడుక్కోకుండా, ఫోన్‌లో అక్క ఉండేచోటి టైము చూపించే రెండో గడియారాన్నే చూస్తూ కూర్చున్నాడు. అక్క వెళ్ళిన రోజు తనే పెట్టుకున్నాడు దాన్ని, ఆవిడ నిద్రపోయే వేళ ఫోన్ చేసి చీవాట్లు తినకుండా.

అందులో తొమ్మిదైంది. తొమ్మిదీ పదైంది.

"లైన్లు బిజీగా ఉండుంటాయి," అన్నాడు.

తొమ్మిదీ ఇరవైకి తనే చేశాడు. స్విచాఫ్. మళ్ళీ చేశాడు. టీవీలో ఎక్కడెక్కడి వార్తలో వస్తున్నాయిగానీ, ఆ దీవి ఊసే లేదు.

"ఆసుపత్రి నంబరు ఏదో రాసిచ్చింది కదా అమ్మాయ్?"

"టికెట్ జిరాక్స్ వెనకాల రాసింది."

బీరువాలోంచి కాగితం తీసుకొచ్చి అతని ముందు పట్టుకుంది. అతను వెనకున్న నంబరు చూసి నొక్కుతుంటే, ఆమె కళ్ళు ముందువైపు అచ్చు మీద పడ్డాయి. పెద్ద నగరంలో విమానం మారాక, బయలుదేరేది పదింటికి. దీవికి చేరేది పన్నెండూ యాభైకి. ప్రయాణం మూడు గంటల యాభై నిమిషాలు.

అంగుళం గుడ్డ తక్కువైనా ఇట్టే పట్టేసే కళ్ళు అవి. ఇక్కడ ఒక గంట తక్కువైంది.

"బావా, నీ ఫోన్‌లో పెట్టింది ఏ ఊరి టైము?"

"దీవి పేరు దొరకలేదు. మీ అక్క విమానం మారిన ఊరు పెట్టా. దగ్గరదే కదా అని."

"ఆ ఊరికంటే దీవి గంట వెనకుంది, ఇదిగో చూడు. వేసవి రాగానే ఆ ఊళ్ళో గడియారాలు గంట ముందుకి తిప్పుతారని అక్కే చెప్పింది. దీవిలో తిప్పరు కాబోలు."

బావ కాగితం లాక్కుని, వేళ్ళు మడిచి రెండుసార్లు లెక్కపెట్టాడు. "అంటే అక్కడ ఇంకా ఎనిమిదిన్నరే." కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. "చచ్చి బతికాను. అనవసరంగా హడలిపోయాం."

చెల్లెలు నవ్వలేదు. ఆమె ముఖం చూశాక అతనికీ అర్థమైంది. తుఫాను దాటిపోయిందనుకుని, ఫోన్ ఎందుకు రాలేదా అని ఇంతసేపూ భయపడ్డారు. అది దాటిపోలేదు. ఇప్పుడే, ఈ నిమిషంలోనే, ఆ వార్డు మీద ఉంది.

ఆసుపత్రి నంబరు మోగనే లేదు. పైన ఫ్యాను చప్పుడు చేస్తుంటే వినలేక బావ లేచి ఆపేశాడు. పక్క వాటాలో ఎవరో తలుపు వేస్తే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

దీవిలో సరిగ్గా తొమ్మిదింటికి ఫోన్ మోగింది.

"బాగానే ఉన్నా," అంది అక్క. ఆమె గొంతు ఆమెది కాదన్నట్టుంది. "పైకప్పు సగం లేచిపోయింది. ఇరవై రెండు మందిని మెట్లకింద గదిలోకి చేర్చాం."

"గాలి వినపడట్లేదే. తగ్గిందా అక్కా?"

"తగ్గలేదే. ఇది తుఫాను నడిమధ్యంట. కాసేపు ఇలా గప్‌చుప్‌గా ఉండి, అవతలి పక్క నుంచి మళ్ళీ మొదలవుతుందంట. పదకొండింటికి చేస్తా. ఇక్కడి పదకొండు, బావకి చెప్పు."

బావ ఫోన్ అందుకునేలోపే లైన్ తెగిపోయింది.

చెల్లెలు గోడ గడియారం దించి, ముళ్ళు తిప్పి దీవి టైము పెట్టింది. బావ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. పదకొండుకి ఫోన్ రాలేదు. పదకొండుంపావుకీ రాలేదు. ఈసారి లెక్క తప్పిందనుకుందామన్నా వీల్లేదు. బావ దేవుడికి మొక్కుతున్నాడో, అక్కని తిట్టుకుంటున్నాడో, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

పదకొండూ నలభైకి ఏదో తెలియని నంబరు నుంచి వచ్చింది. ఎత్తడానికి బావకి చెయ్యి రాలేదు. చెల్లెలే ఎత్తింది.

"నా ఫోన్ నీళ్ళల్లో పోయింది," అంది అక్క. "ఇది డాక్టరుగారిది. గాలి పోయిందే, నిజంగా పోయింది." తర్వాత గొంతు తగ్గించింది. "ఒకామె పోయింది. పెద్దావిడ. ఆక్సిజన్ అయిపోయింది. చెయ్యి పట్టుకునే ఉన్నా."

బావ ఫోన్ అందుకున్నాడు. "వచ్చెయ్. ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు. మొదటి విమానానికే వచ్చెయ్."

"ఇరవై ఒక్కమంది ఉన్నారండీ ఇక్కడ. తడి బట్టలతో ఉన్నారు. ఉంటా."

అతను ఇంకేదో అనబోయాడు. అప్పటికే ఆమె పెట్టేసింది. చెల్లెలు లేచి పొయ్యి వెలిగించి, అతను చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టింది. అతను లేవలేదు. ఏడవడం మొదలుపెట్టాడు.