వేడినీళ్ల ఊళ్లో కాపలా

బీజింగులో ఏటా జరిగే సర్కారు పెద్ద సభలు దగ్గర పడుతున్నాయనగా ఒక ఉదయం వీధి కమిటీ కుయాంగ్ మేడమ్ పెయ్‌జెన్ నూడుల్స్ దుకాణానికి వచ్చింది. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, పెయ్‌జెన్ మరీ నలిగిపోతోందనీ, వేడినీళ్ల ఊరికి వెళ్లి సభలు అయ్యేదాకా హాయిగా ఉండి రమ్మనీ చెప్పింది. ఖర్చంతా కమిటీదే. తోడుగా యూన్‌షియును తీసుకెళ్లాలి, అంతే.

ఆ తోడు ఎందుకో పెయ్‌జెన్‌కు వేరే చెప్పనక్కర్లేదు. యూన్‌షియూ ఆమే ఒకప్పుడు నూలుమిల్లులో ఒకే షిఫ్టులో పనిచేశారు. యూన్‌షియు కొడుకు పోలీసు లాకప్పులో పోయాడు. నీళ్లు తాగబోయి జారిపడ్డాడని అన్నారు. ఆ గది కెమెరాలో ఏముందో చూపించమని అప్పటినుంచి ఆ తల్లి అర్జీలు పట్టుకుని తిరుగుతోంది. ఇక్కడ ఎవరూ వినకపోయేసరికి బీజింగు దారి పట్టింది. సభల రోజుల్లో ఆమె అక్కడ కనబడితే ఇక్కడి అధికారులకు చీవాట్లు తప్పవు.

కుయాంగ్ మేడమ్ బెదిరించలేదు. లేచి వెళ్తూ, "మీ షువాంగ్‌కి ఈ ఏడు బళ్లో పర్మనెంటు అవుతుందటగా? మంచి పిల్ల. మమ్మల్ని కూడా ఓ మాట అడుగుతార్లే," అని మాత్రం అంది.

పెయ్‌జెన్ ఆ సాయంత్రం కూతురికి చెప్పింది. అందులో తప్పేముందని షువాంగ్ తేల్చేసింది. ఆవిణ్ణి జైల్లో పెట్టడం లేదుగా, స్నానాలు చేయించడమేగా అంది. అలా అంటూ తల్లి మొహంలోకి మాత్రం చూడలేదు.

యూన్‌షియు సంచి సర్దుకుని తయారుగా ఉంది. బస్సెక్కి కూర్చున్నాక నవ్వింది.

"పోయినేడు ఇద్దరు పోలీసులు నాకు సముద్రం చూపించారే. ఒకడికి బస్సు పడక దారంతా వాంతులు. ఈసారి నిన్ను పంపారు. నయం, నువ్వు గురకే పెడతావు."

అన్నీ తెలిసే వచ్చిందన్నమాట.

పొద్దునా సాయంత్రమూ ఇద్దరి మొహాలూ కనబడేలా ఫోటో తీసి కుయాంగ్ మేడమ్‌కు పంపాలి. మిగతా వేళంతా పెయ్‌జెన్‌కు కాపలా పనే. యూన్‌షియు స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు బయట నిలబడి నీళ్ల చప్పుడు వినేది. భోజనాల దగ్గర చేపలో ముళ్లు తీసుకుంటూ కూడా ఆమె చేతుల వంకే చూసేది. మొదటి రాత్రి పెయ్‌జెన్, యూన్‌షియు బూట్లను తీసి తన మంచం కిందికి తోసింది. యూన్‌షియు చూసి, అటు తిరిగి పడుకుంది. తెల్లారాక పెయ్‌జెన్‌కే సిగ్గేసి వాటిని మళ్లీ గుమ్మం దగ్గర పెట్టింది.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మెడదాకా వేడినీళ్ల కొలనులో కూర్చున్నారు. ఫోన్లు బీరువాల్లో ఉన్నాయి, వినే చెవులు లేవు. ఆవిరిలో పక్కవాళ్లు కూడా మసగ్గా ఉన్నారు. యూన్‌షియు గొంతు తగ్గించింది.

"రేపు ఎండ గదిలోకొచ్చేదాకా పడుకో. ఇంకేమీ అడగను."

"అక్కా, షువాంగ్ ఉద్యోగం..."

"తెలుసే. నీకు కూతురుంది. అందుకే నాతో రమ్మనడం లేదు. లేవొద్దంటున్నాను, అంతే."

పెయ్‌జెన్ చేతివేళ్లు నీళ్లలో నాని ముడతలు పడేదాకా అలాగే కూర్చుంది.

తెలతెలవారుతుండగా సంచి జిప్పు చప్పుడైంది. తర్వాత బూట్లు. పెయ్‌జెన్ గోడవైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకుంది. అక్కా అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు, అంతా అక్కడితో ఆగిపోతుంది. యూన్‌షియు ఆమె మంచం పక్కన కాసేపు నిలబడినట్టుంది. తర్వాత తలుపు మెల్లగా మూసుకుంది.

ఫోటో వేళ దాటింది. ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. పెయ్‌జెన్ ఎత్తి, ఇప్పుడే మెలకువ వచ్చిందనీ, పక్క మంచం ఖాళీగా ఉందనీ చెప్పింది. అవతల కుయాంగ్ మేడమ్ ఠక్కున పెట్టేసింది. పెయ్‌జెన్ గదిలో వేసుకునే చెప్పులతోనే బస్టాండుకు పరిగెత్తి, కనబడినవాళ్లనల్లా అడిగింది. తాను వెతికినట్టు నలుగురూ చూడాలనే బయల్దేరింది. సగం దూరం వెళ్లేసరికి నిజంగానే ఏడుపు వచ్చింది. యూన్‌షియు దొరకాలని ఏడుస్తోందో దొరకకూడదని ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

యూన్‌షియు ఎంతో దూరం పోలేదు. టికెట్టు కొంటే గుర్తింపు కార్డు పట్టిస్తుందని కిరాయి కారెక్కింది. జిల్లా పొలిమేర చెక్‌పోస్టులో ఆ కార్డే అడిగారు. మధ్యాహ్నానికి హోటలుకు తెచ్చారు. అప్పటికే కుయాంగ్ మేడమ్ ఒక పోలీసును వెంటబెట్టుకుని వచ్చి, పెయ్‌జెన్‌ను ఎదురుగా కూర్చోబెట్టి, అంత మొద్దు నిద్ర ఎలా పట్టిందని అడిగిందే అడుగుతోంది.

యూన్‌షియు గుమ్మంలోనే అందుకుంది.

"మీకు కాపలాకి ఇదే దొరికిందా? మిల్లు సైరను మోగినా లేచేది కాదు ఈ మొద్దు. అయినా నమ్మకం లేక రాత్రి దీని టీలో నా నిద్రమాత్ర కలిపాను."

పోలీసు రాసుకున్నాడు. నిజమేనా, టీ తాగావా అని కుయాంగ్ మేడమ్ పెయ్‌జెన్‌ను అడిగింది. రాత్రి వాళ్లు టీయే తాగలేదు. యూన్‌షియు ఆమె వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తోంది.

"తాగాను," అంది పెయ్‌జెన్.

సభలు ముగిశాయి. ఆ రోజుల్లో పట్టి ఉంచిన మిగతా అర్జీల వాళ్లను వదిలేశారు. మాత్ర కలిపిన నేరానికి యూన్‌షియును మాత్రం ఎండాకాలం దాకా జైల్లో ఉంచారు. బయటికి వచ్చాక ఒక ఉదయం దుకాణానికి వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు కత్తిరించేశారు. పెయ్‌జెన్ గిన్నెలో మాంసం రెట్టింపు వేసి తెచ్చి, ఎదురుగా కూర్చుని, "అక్కా, ఆ రోజు నేను..." అంటూ మొదలుపెట్టింది.

యూన్‌షియు బల్ల మీదున్న ఫోను వైపు కళ్లతో చూపించి, "కారం తగ్గిందే," అంది.

షువాంగ్‌కు ఉద్యోగం పోలేదు, పర్మనెంటూ కాలేదు. వచ్చే ఏడు చూద్దామన్నారట. ఎందుకో ఎవరూ చెప్పలేదు, అడగడానికి వీళ్లకు ధైర్యం చాలలేదు. కుయాంగ్ మేడమ్ ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి తింటుంది. ఆమె చెంచా కింద పెట్టేదాకా పెయ్‌జెన్ పొయ్యి దగ్గరే నిలబడి, ఈసారి లేస్తూ ఏమంటుందోనని వింటూ ఉంటుంది.