అద్దని పువ్వు

నేను ఒక కణాన్ని. పెడనలో చెక్క అచ్చులతో బట్టలకు అద్దకం వేసే నాంచారయ్య ఎడమకంటి లోపలి తెరలో నా కాపురం. ఆయన పుట్టకముందే ఈ కొలువులో చేరాను. సెలవు లేదు, నా బదులు ఇంకొకరు రావడమూ లేదు.

చూసేది నేనే అనుకునేరు. వెలుగును పట్టేవాళ్లు నా వెనక ఉంటారు. వెలుగు మమ్మల్ని దాటుకుని వాళ్ల దగ్గరికి పోవాలి. ఎవరు కట్టారో గానీ ఇల్లు తిరగేసి కట్టారు. వాళ్లు పట్టినదాన్ని మధ్యవాళ్లు వడగట్టి నాకిస్తారు. నేను దాన్ని చిన్న చిన్న కరెంటు దెబ్బలుగా నా పొడుగాటి పోగు మీదుగా మెదడుకు పంపిస్తాను. మా పోగులన్నీ కలిసిన తాడే కంటి నరం. చూసేది మెదడు, పేరు కంటిది.

కొన్నేళ్లుగా కంట్లో నీటి ఒత్తిడి పెరిగింది. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు డాక్టరమ్మ. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోమన్నారు. ఈయన ఆసుపత్రికి వెళ్లే పొద్దున మాత్రమే వేసుకునేవాడు. ఆవేళ ఒత్తిడి తగ్గి కనిపించేది.

"నెప్పిలేని కంటికి మందేంటే?" అనేవాడు భార్య భ్రమరాంబతో.

ఇక్కడ మా పోగులు నలిగి ఒక్కొక్కరమే రాలిపోతున్నాం. కుడికంట్లోనూ ఇదే తంతు. మా కబురు అందకపోతే మెదడు ఊరుకుంటుందా? చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి ఖాళీని తనే నింపేస్తుంది. మా చావు కూడా ఆయనకు తెలియనివ్వలేదు.

మొన్నొక దుప్పటి అంచులో పువ్వు తప్పింది. కొట్టువాళ్లు తిప్పి పంపితే, టేకు అచ్చు ఎండి వంకరపోయిందని దాన్ని నూనెలో నానబెట్టాడు మహానుభావుడు!

ఈవేళ మళ్లీ తప్పింది. భ్రమరాంబ బల్ల దగ్గరికొచ్చింది.

"ఇక్కడ ఖాళీగా ఉందండీ."

"కళ్లు కనపడట్లేదా? ఉందిగా పువ్వు!"

"తిన్నగా ఇటు చూడండి."

చూశాడు. తెల్లబట్ట. చూపు అచ్చు మీదికి తిప్పాడు. ఓరగా మళ్లీ పువ్వు కనిపించింది. చూపు కదపకుండా ఆ పువ్వు మీద వేలు పెట్టాడు. చుట్టూ రంగు పచ్చిగానే ఉంది, వేలికి మాత్రం ఏమీ అంటలేదు.

ఇన్నాళ్లూ తప్పంతా అచ్చు మీదికి నెట్టినవాడు బల్ల పక్కనే కూలబడ్డాడు. నాకు జాలేసింది. కోప్పడే ఓపిక ఎప్పుడో పోయింది.

"చుక్కలెక్కడ పెట్టావే?" అన్నాడు.

ఆమె ఆయన తల వెనక్కి వంచి మందు వేసింది. నా పోగు ఎండిపోయింది, ఇక నేను పంపేదేమీ లేదు. పక్కవాడు ఇంకా పంపుతున్నాడు: మందు చుక్క అవతల, మసకమసకగా, ఆమె ముఖం. అది మెదడు కల్పించింది కాదు. నిజంగానే అక్కడుంది.