మానేసిన మనిషి

...అయినా అబద్ధం తను ఆడాడా, డాక్టరే ఆడించాడు గానీ. దగ్గుకుంటూ వెళ్తే తలైనా ఎత్తకుండా, "సిగరెట్లు ఎప్పటి నుంచి?" అన్నాడాయన. కాలుస్తారా అని అడిగి ఉంటే లేదనేవాడు. ఎప్పటి నుంచి అని అడిగిన పెద్దమనిషి ముఖం మీద, అసలు అలవాటే లేదని ఎలా అంటాడు? "చాన్నాళ్ళ నుంచండీ" అనేశాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టేటప్పుడు ముక్కులోకి పోయే రంపపు పొట్టు సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు.

మాన్పించే పని నర్సుకు అప్పగించారు. వారం వారం ఫోను. "ఎలా ఉన్నారు బాబాయ్ గారూ? మనసు లాగుతోందా?" పెళ్ళీ పెటాకులూ లేకుండా అన్నగారింట్లో ఓ మూల గదిలో తల నెరిసిన మనిషి. మనసు సంగతి అతన్ని ఎవరడిగారు గనక? లాగుతోందమ్మా అన్నాడు. అది మాత్రం పచ్చి నిజం. ఎటు లాగుతోందో ఆ అమ్మాయి అడగలేదు, అతనూ చెప్పలేదు.

"ఏం మరిదీ, ఫోనుకి కూడా తల దువ్వుకుంటావా?" అని వదిన ఆట పట్టించేది.

ఇప్పుడా ఫోనుకే ముప్పొచ్చింది. "ఇవాళ కూడా ఊదే మిషన్లో పొగ ఆనవాలు లేకపోతే మీరు గెలిచినట్టే. నా ఫోన్ల పీడ విరగడైపోతుంది" అంది నర్సు నవ్వుతూ. పీడట! అందుకే క్లినిక్ వెనక, నీళ్ళ ట్యాంకు చాటున, జన్మలో మొదటి సిగరెట్టు నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఒక్క దమ్ము లాగి ఓడిపోతే చాలు. ఓడిపోవడానికి కూడా ఇంత ధైర్యం కావాలా అనుకుంటూ అగ్గిపుల్ల గీశాడు.

"మాస్టారూ! తిరగేసి పెట్టుకున్నారు!"

సిటీ బస్సు డ్రైవరు. క్లినిక్‌కి వచ్చినప్పుడల్లా బెంచీ మీద పక్కన కూర్చునే మనిషే. ఇతనూ మానుతున్నవాడే. అగ్గిపుల్ల వేలు కాల్చి ఆరిపోయింది.

డ్రైవరు సిగరెట్టునీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. సంగతి అర్థమయ్యేసరికి పొట్ట పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "అంటే మీరు ఎప్పుడూ కాల్చనే లేదా? ఓరి నాయనోయ్! ఈ ముసలాయన అంత సుఖంగా మానేశాడు, నాకేం రోగమని కుళ్ళుకుని కుళ్ళుకుని మానేశానయ్యా నేను! మా ఆవిడ మీ పేరు చెప్పి రోజూ నన్ను దెప్పుతోంది!"

"నెమ్మదయ్యా, లోపల వింటారు."

నవ్వు ఆగింది. కానీ చూపు మాత్రం సిగరెట్టును వదల్లేదు. గొంతు మారింది. "సరేగానీ ఇటివ్వండి. నేను పారేస్తాలే."

పారేసేవాడి వేళ్ళు అలా వణకవు. ఆ వేళ్ళు ఏమడుగుతున్నాయో ఫ్రేముల మనిషికి తెలుసు. ఫోను మోగే ముందు తన చేతులూ అంతే. ఇస్తే వీడు పోతాడు. తను వెలిగించినా, ఆ వాసనకే పోతాడు. ఊరికే పారేస్తే తన ఫోను పోతుంది. ఎటు చూసినా ఎవరో ఒకరు పోవాల్సిందే. చాలాసేపు ఆలోచించాననుకున్నాడు గానీ, పిడికిలి అప్పటికే బిగిసి సిగరెట్టు పొడైపోయింది. విదిలించి కాలవలో దులిపేశాడు.

"నీ నంబరు చెప్పు" అన్నాడు జేబులోంచి ఫోను తీస్తూ.

"ఎందుకూ?"

"వారానికోసారి చేస్తా."

"చేసి? తిడతారా?"

"తిట్టమంటే తిడతా. వినేవాడుంటే కబుర్లే చెప్తా."

డ్రైవరు మూతి తిప్పాడు గానీ అంకెలు మొదలుపెట్టాడు. ఇంతలో కిటికీలోంచి నర్సు కేక. "బాబాయ్ గారూ, మీ వంతు! డాక్టరుగారు కూడా ఇక్కడే ఉన్నారు, త్వరగా!"

ఫోను మీద నుంచి తలెత్తకుండానే, "కాస్త ఆగమనమ్మా" అన్నాడు ఫ్రేముల మనిషి.