లోపలి గదులవాళ్లు

షెడ్డుకి తాళం వేయడానికి ముగ్గురు వచ్చారు. ఒకడు తాళం తెచ్చాడు, ఇంకొకడు కాగితం తెచ్చాడు. మూడోవాడు రోడ్డు కాంట్రాక్టరు మనిషి. వాడు ఏమీ తేలేదు. లోపల సిమెంటు బస్తాలు ఎన్ని పడతాయో కళ్లతో కొలుస్తూ నిలబడ్డాడు.

కాళ్లు సరిగా ఆడని మావాళ్లు పట్టుకుని నడక నేర్చుకునే ఇనప కడ్డీలను వచ్చినవాళ్లు పీకి బయట పడేశారు. చాపలు విసిరారు. చక్రాల కుర్చీలు రెండింటినీ తోసేశారు. బొత్తాల డబ్బా మూత ఊడి, బొత్తాలన్నీ మట్టిలో దొర్లాయి. ఇస్త్రీ అత్త కూతురు వాటి వెంట పాకుతూ ఏరడం మొదలుపెట్టింది. ఆమెకి ఇరవై ఏళ్లు. బట్టల మిల్లు నుంచి వచ్చే బొత్తాలను రంగుల వారీగా వేరు చేయడం ఆమె పని. కాంట్రాక్టరు మనిషి ఆమె వేళ్ల పక్కనే బూటు పెట్టి, "దీన్ని ఎవరైనా తీయండయ్యా, అడ్డం" అన్నాడు.

దీన్ని అన్నాడు.

కాగితం తెచ్చినవాడు గట్టిగా చదివాడు. "తనిఖీ రోజున ఆరుగురు మాత్రమే ఉన్నారు. వారందరూ స్వయంగా నడవగలరు. వికలాంగుల కోసమని ఇచ్చిన ఈ కట్టడం అందుకు వినియోగంలో లేదు. కావున స్వాధీనం చేసుకోవడమైనది."

"అబద్ధం!" అని సైకిలు మామయ్య అరిచాడు. మా అమ్మ అరిచింది. అందరూ అరిచారు.

నేను అరవలేదు. అది అబద్ధం కాదు. ఆ రోజు ఆరుగురే ఉన్నారు. ఆరుగురే ఉండేలా చేసింది నేను.

ఈ షెడ్డు ఒకప్పుడు పాత ఇనుము తూకం వేసే చోటు. కప్పు లేదు, తలుపు లేదు. మండలాఫీసువాళ్లు కాగితం మీద ఇచ్చి చేతులు దులుపుకున్నారు. కప్పు వేసింది మా నాన్నలు. గుమ్మానికి మెట్లు తీసేసి చక్రాలు ఎక్కేలా వాలు పోసింది మా బాబాయి. ముందుండి నడిపింది సైకిలు మామయ్య. ఆయనకి చిన్నప్పుడే రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. చక్రాల పలక మీద కూర్చుని చేతులతో నెట్టుకుంటూ తిరుగుతాడు, ఊళ్లో సైకిళ్లన్నీ ఆయనే బాగుచేస్తాడు. షెడ్డులో రోజుకి ఇద్దరు తల్లులు వంతు ఉంటారు. మిగతా తల్లులు మిల్లుకి పోతారు. వారానికి రెండుసార్లు ఒక అక్క వచ్చి కాళ్లూ చేతులూ సాగదీయడం నేర్పుతుంది. ఇంతే షెడ్డంటే. ఇది లేనప్పుడు తల్లులు పనికి పోవాలంటే పిల్లల్ని పాత చీరతో మంచం కోడుకి కట్టి, బయట గొళ్లెం పెట్టి పోయేవాళ్లు.

మా అన్నయ్యకి ఇరవై మూడేళ్లు. మాటలు రావు. నోటి వెంట చొంగ కారుతుంది. షెడ్డుకి వచ్చాకే తన చేత్తో తాను తినడం నేర్చుకున్నాడు.

తనిఖీ ఉత్తరం వచ్చినప్పుడు చదివిపెట్టమని తల్లులు నన్నే పిలిచారు. మా బడిలో పదో తరగతి నేను. ఆఫీసరు వస్తున్నాడు, వెంట మా హెడ్మాస్టరు, మా తరగతి పిల్లలు కొందరు కూడా వస్తున్నారు. ఆ ఆఖరి మాట నాలో నేను మళ్లీ చదువుకున్నాను.

"ఏం చేద్దామే? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అంది ఇస్త్రీ అత్త.

"శుభ్రంగా, కుదురుగా, తమంతట తాము నడుస్తూ ఉండేవాళ్లనే ఉంచుదాం అత్తా. చొంగ కార్చేవాళ్లు, అరిచేవాళ్లు, ఫిట్లు వచ్చేవాళ్లు ఆ ఒక్క రోజూ ఇంట్లో ఉంటే మంచిది. షెడ్డు బాగుందని ఆఫీసరు అనుకోవాలి కదా."

ఎవరికీ వింతగా తోచలేదు. ఇంటికి చుట్టాలొస్తే మేం చేసేది అదే. మంచం మీద మంచి దుప్పటి పరుస్తాం, మావాణ్ణి లోపలి గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేస్తాం. ఆఫీసరూ చుట్టంలాంటివాడే అనుకున్నాం. ఒక్క సైకిలు మామయ్య ఉంటే తిట్టేవాడు. ఆ వారమంతా ఆయన జ్వరంతో ఇల్లు కదల్లేదు.

ఆఫీసరు వచ్చాడు. "భలే శుభ్రంగా ఉందే" అన్నాడు. తలలు లెక్కపెట్టుకుని రాసుకుని పోయాడు. మా తరగతి పిల్ల ఒకతె, "మీ అన్నయ్య కూడా ఇక్కడికే వస్తాడటగా, ఏడీ?" అని అడిగింది.

"ఊళ్లో లేడు" అన్నాను.

నాలుగు సందుల అవతల మా అన్నయ్య గొళ్లెం పెట్టిన తలుపుని అరచేతులతో బాదుతున్నాడు. సాయంత్రం చూస్తే చేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. వెన్న రాశాను. నన్ను చూసి నవ్వాడు. వాడికి కోపం రాదు. వచ్చినా బాగుండేది.

తాళం పడిన ఐదో రోజున ఇస్త్రీ అత్త కూతురికి ఫిట్లు వచ్చాయి. తల్లి బట్టల మూటలు ఇచ్చి రావడానికి పోయింది. పిల్ల కాలు మంచానికి కట్టి ఉంది. గింజుకుంటే మంచం తిరగబడింది. చెయ్యి రెండుచోట్ల విరిగింది. చుట్టుపక్కలవాళ్లు ఆ చప్పుడు విని, ఎప్పుడూ ఉండేదేలే అనుకున్నారు.

చూడటానికి వెళ్తే ఇస్త్రీ అత్త నాకు పీట వేసింది.

"పాపం, నువ్వేం చేస్తావమ్మా. మంచికే చెప్పావు."

తిట్టినా భరించేదాన్ని. రోజూ డైరీలో ఏదో ఒకటి రాసుకునే అలవాటు నాకు. ఆ రోజు తేదీ వేసి మూసేశాను.

మర్నాడు మిల్లు సెలవు. సైకిలు కొట్టు ముందు అందరూ చేరారు.

"ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు మిల్లులో పనిచేసే మా బాబాయి.

"పెట్టు నాయనా, పెట్టు. ఆఫీసులో పకోడీల పొట్లాలకి కాగితాలు తక్కువయ్యాయట" అన్నాడు సైకిలు మామయ్య. "షెడ్డు మూశారు. సరే. షెడ్డులో ఏం చేస్తామో అది ఆఫీసు వరండాలో చేద్దాం. అందరం. ఒక్కరు కూడా ఇంట్లో మిగలకూడదు."

ఒక తల్లి గయ్యిమని లేచింది. "మా పిల్లల్ని నడిబజార్లో కూర్చోబెట్టి అడుక్కునేవాళ్లలా చూపిస్తామా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నారు."

"నా కాళ్ల మీద ఏం పడినా నాకు తెలియదులేవే" అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "చూపించడానికి కాదమ్మా పోయేది, కూర్చోవడానికి. అడుక్కునేవాడు పెడితే లేచిపోతాడు. మనం లేవం. అసలు ఆ ఆఫీసరుగాడికి కళ్లు లేవా? ఇంతమంది ఉంటే ఆరుగురని ఎలా రాశాడు? లంచం తిన్నాడు!"

"తిన్నాడు, తిన్నాడు" అన్నారందరూ.

నేను లేచాను. నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పినదాన్ని కాదు.

"లంచం సంగతి నాకు తెలియదు మామయ్యా. ఆరుగురినే ఉంచమన్నది నేను. షెడ్డు కోసం అని చెప్పాను. షెడ్డు కోసం కాదు. మా బడి పిల్లలు అన్నయ్యని చూస్తారని సిగ్గేసింది. నా ఒక్కదాని సిగ్గు కోసం అందరినీ ఇళ్లలో పెట్టించాను. ఇస్త్రీ అత్త కూతురి చెయ్యి నా వల్లే విరిగింది."

ఇస్త్రీ అత్త తల దించుకుంది. ఈసారి మంచికే చెప్పావు అనలేదు. మా అమ్మ అంది, "నీకు ఒక్క రోజే సిగ్గేసింది. నేను ఇరవై మూడేళ్లుగా ఆ తలుపు వేస్తున్నాను. నేనెవరికి చెప్పుకోను?"

"ఏడుపులు ఆపండి" అన్నాడు సైకిలు మామయ్య. నా వైపు తిరిగాడు. "తప్పు చేశావు. ఏం ఫరవాలేదని అనను. ఒక పని చెబుతాను. మనల్ని సిగ్గుపడమన్నదెవరే? మిల్లులో చేతులు ఆడినంత కాలం మనిషంటారు, ఆడకపోతే అడ్డమంటారు. వాళ్ల లెక్క అది. ఆ లెక్క మన ఇళ్లలోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో మనకే తెలియలేదు. వెళ్లు. ఊళ్లో ప్రతి తలుపూ కొట్టు. లోపలి గదుల్లో ఎవరున్నా వరండాకి రమ్మను."

మూడు రోజులు తలుపులు కొట్టాను. షెడ్డు మొహం ఎప్పుడూ చూడనివాళ్లు ఎంతమందో దొరికారు. కిరాణా కొట్టాయన అడ్డంగా నిలబడి, "మా ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేరమ్మా" అన్నాడు. ఆయన వెనక గదిలో ఎవరో సన్నగా మూలుగుతున్నారు.

"మా ఇంట్లో కూడా లేడనే చెప్పానండీ నేను" అన్నాను.

ఆయన పక్కకి జరిగాడు. లోపల ఆయన చెల్లెలు ఉంది. నలభై ఏళ్ల మనిషి. వీధి చూసి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు. ఎండకి కళ్లు మూసుకుంది గానీ, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

సోమవారం ఉదయం ఆఫీసు తలుపులు తీసేసరికి వరండాలో చాపలు పరిచి ఉన్నాయి. పైకి మూడు మెట్లు. మిల్లు రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకి పోకుండా ఇటే వచ్చి, ఒక్కొక్కరినీ కుర్చీలతో సహా ఎత్తి పెట్టారు. తల్లులు తలలు దువ్వారు. వారానికి రెండుసార్లు వచ్చే అక్క ఎప్పటిలాగే కాళ్లు సాగదీయించింది. ఇస్త్రీ అత్త కూతురు కట్టున్న చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో బొత్తాలు ఏరింది. పని మీద వచ్చినవాళ్లు మా మధ్య నుంచి జాగ్రత్తగా దాటుకుంటూ పోయారు. మొదట ముక్కు మూసుకున్న గుమస్తానే మధ్యాహ్నానికి, "ఇటు ఎండ పడుతోంది, ఆ చాప కాస్త లోపలికి జరపండమ్మా" అన్నాడు. మా బడి పిల్లలు బడి ఎగ్గొట్టి వచ్చారు. నన్ను అడిగిన పిల్ల కూడా వచ్చింది. మా అన్నయ్య పక్కన కూర్చుంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

రెండో రోజు పోలీసు వ్యాను వచ్చింది.

"లేవండి, లేవండి" అన్నాడు ఎస్సై.

"నాకు ఆ పని చేతకాదు సార్. లేచే కాళ్లే ఉంటే ఈ గొడవెందుకు?" అన్నాడు సైకిలు మామయ్య.

"ఎక్కించండ్రా ఈయన్ని!"

ఇద్దరు కానిస్టేబుళ్లు ఆయన్ని పలకతో సహా ఎత్తారు. గాల్లోంచే ఆయన అరిచాడు, "తాళం తీసేదాకా చాపలు చుట్టొద్దు!" మిల్లువాళ్లు వ్యాను ముందు అడ్డంగా నిలబడ్డారు. ఎస్సైకి కోపం నషాళానికి అంటింది.

"ఇక్కడున్న ప్రతివాడి మీదా కేసు! పేర్లు రాయి. ఈ పిల్లల్ని వదిలెయ్."

"పిల్లలేంటి సార్?" ఇస్త్రీ అత్త ఎదురొచ్చింది. "నా కూతురికి ఇరవై ఏళ్లు. ఓటుంది. దాని పేరు కూడా రాయండి."

"మా చెల్లెలి పేరు రాయండి" అన్నాడు కిరాణా కొట్టాయన.

కానిస్టేబులు రాస్తున్నాడు. వికలాంగురాలు అని రాస్తున్నాడు, వికలాంగుడు అని రాస్తున్నాడు. కాగితం నిండింది, ఇంకోటి తీశాడు. ఆరుగురే ఉన్నారు, అందరూ నడవగలరు అని రాసిన ఆఫీసరు అప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎస్సైగారూ, వాళ్ల పేర్లు రాయకండి! రాయకండి!"

"రాయాల్సిందే!" అని వరండా అంతా అరిచింది. "రాయాల్సిందే!"

నేను అన్నయ్య చెయ్యి పట్టుకుని కానిస్టేబులు ముందుకి నడిచాను. వాడి పేరు, వయసు చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా. ఈయన నీకేమవుతాడు?"

"మా అన్నయ్య" అన్నాను. బడి పిల్లలందరికీ వినపడేలా అన్నాను.

అలా అన్నంత మాత్రాన నా తప్పు తీరిపోలేదు. ఆ విరిగిన చెయ్యి ఇక తిన్నగా రాదని డాక్టరు చెప్పాడు. ఇస్త్రీ అత్త నాతో ఇంకా సరిగా మాట్లాడదు. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు.

వ్యాను మెట్టు బాగా ఎత్తు. అన్నయ్య ఎక్కలేక నా వైపు చూశాడు. లోపలి నుంచి సైకిలు మామయ్య చెయ్యి అందించాడు, కింద నుంచి మా బాబాయి నడుం పట్టాడు. వాడి పక్కనే నేనూ ఎక్కి కూర్చున్నాను. తలుపు వేయబోతున్న కానిస్టేబులుతో ఇస్త్రీ అత్త అంటోంది:

"ఆగవయ్యా, అప్పుడే వేస్తావేం? ఇంకా ఇంతమందిమి ఎక్కాలి. ముందు దీని కట్టున్న చెయ్యి జాగ్రత్తగా పట్టుకో."