రిలే పద్మనాభయ్య లైను నడిచిన రోజు

నెల్లూరు కరెంటు ఆఫీసులో రిలే పద్మనాభయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. మనిషిది బుచ్చిరెడ్డిపాలెం. ఇంటిపేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, దాన్ని ఆయన పని ఎప్పుడో మింగేసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. చిత్రమేమిటంటే, పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ కుందేటికి నిజంగానే మూడు కాళ్ళుండేవి. అదే ఆయన్ని చెడగొట్టింది.

ఆయన పని డిస్టెన్సు రిలేలకు హద్దు పెట్టడం. పెద్ద లైను మీద ఎక్కడైనా కరెంటు దారి తప్పి నేలకు దిగితే, అది ఎంత దూరంలో జరిగిందో ఆ గాజు తలుపు పెట్టె తనంతట తానే లెక్కగట్టుకుంటుంది. తన హద్దులోదైతే రెప్పపాటులో స్విచ్చి పడేసి, లోపల ఒక ఎర్రబిళ్ళ జారవిడుస్తుంది. హద్దు దాటిందైతే, అవతలివాళ్ళ సంగతి వాళ్ళే చూసుకుంటారని కాస్త ఆగుతుంది. లైను పొడవులో నూటికి ఎనభై పాళ్ళకు ఆ హద్దు పెట్టడం రివాజు. నెల్లూరు నుంచి సముద్రపు ఒడ్డున నడికుప్పం సబ్‌స్టేషను దాకా లైను ముప్పై మైళ్ళని నక్షాలో ఉంది. పద్మనాభయ్య ఇరవై నాలుగు మైళ్ళకు హద్దు ప్లగ్గులు బిగించి సీలు వేశాడు.

అరవై మూడో సంవత్సరం, మంచు కురిసే రోజులు. ఒక రోజు కాదు, మూడు రోజులు, తెల్లవారుజామునే ఆ లైను స్విచ్చి పడిపోయింది. మూడుసార్లూ ఎర్రబిళ్ళ జారింది. లైన్‌మన్ ఓబయ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసి, మూడుసార్లూ "ఏమీ లేదు సార్" అనే వచ్చాడు. ఓబయ్య నడికుప్పం బెస్తవాళ్ళ బిడ్డ. అయిదేళ్ళుగా టెంపరరీ మనిషి, ఆ నెలాఖరుకు పర్మినెంటు కావలసినవాడు.

ఇంజనీరు కామాక్షయ్య పద్మనాభయ్యను పిలిచి అడిగాడు.

"రిలే అబద్ధం చెప్పదు సార్. మనిషి చెప్తాడు," అన్నాడు పద్మనాభయ్య, కాలి మీద కాలు వేసుకోలేదన్న మాటే గానీ.

అంతే, ఫైల్లో ఎక్కింది: ఓబయ్య లైను నడవకుండానే నడిచినట్టు చెప్తున్నాడు, పర్మినెంటు ఆపవలెను. "శనివారం సంతకం పెడతాను. ఈలోగా మళ్ళీ పడితే మీరూ వెంట వెళ్ళి చూసి రండి," అన్నాడు కామాక్షయ్య.

గురువారం తెల్లవారుజామున మళ్ళీ పడింది. ఓబయ్య బండారం బయటపెట్టాలని పద్మనాభయ్య బూట్లు బిగించి బయలుదేరాడు. మొదటి పన్నెండు మైళ్ళు రోడ్డు పక్కనే గనక జీపులోంచే చూశారు. అక్కణ్ణుంచి నడక. ఓబయ్య ప్రతి టవరు దగ్గరా ఆగి, తల వెనక్కి వాల్చి, తీగను మోసే పింగాణీ బిళ్ళలు ఒక్కొక్కటీ చూసి గానీ అడుగు ముందుకు వేయలేదు. నడవనివాడి తీరు కాదది. పద్మనాభయ్య అది గమనించాడు గానీ బయటపడలేదు.

మధ్యాహ్నానికి ఉప్పుటేరు ఒడ్డుకు చేరారు. పద్మనాభయ్య నక్షా విప్పాడు. నక్షాలో లైను అక్కడ పడమరకు తిరిగి ఏటిని చుట్టుకొస్తుంది. ఎదురుగా చూస్తే టవర్లు నేరుగా నీళ్ళలోకి దిగి, దిబ్బ మీద ఒకటి, దిబ్బ మీద ఒకటి, అవతలి గట్టెక్కి ఉన్నాయి.

"ఇదేంది ఓబయ్యా, లైను ఏట్లో దిగిందే! పడమరకు తిరగాల గదా?"

"యాడ తిరిగింది సార్? మొదుట్లో అట్నే అనుకున్నారంట. ఆ ఎండాకాలం ఏరు బాగా తగ్గిపోతే, నేరుగానే ఏసేసినారు. ఇనుమంతా మా కుప్పం పడవల మీద మేమే దాటించినాం. ఆ పనిలోనే గదా సార్ నన్ను చేర్చుకున్నారు."

"చుట్టూ తిరిగొస్తే ఎంత ఎక్కువవుద్ది?"

"ఎనిమిది మైళ్ళు ఉంటాది."

పద్మనాభయ్య గట్టు మీద కూర్చుని లెక్క వేశాడు. ముప్పైలో ఎనిమిది పోతే ఇరవై రెండు. లైనే ఇరవై రెండు మైళ్ళయితే, తాను పెట్టిన హద్దు ఇరవై నాలుగు! రిలే నడికుప్పం దాటి, అవతలివాళ్ళ లైనులోకి రెండు మైళ్ళు తొంగి చూస్తోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, వాళ్ళ తంటాకు తన స్విచ్చి పడేస్తోంది.

పడవెక్కి ఏరు దాటి, నడికుప్పం అవతలికి పోయారు. లైను అక్కడ ఉప్పుమళ్ళ పక్కగా పోతుంది. మూడో టవరు మీద పింగాణీ బిళ్ళలు ఉప్పు పట్టి తెల్లగా ఉన్నాయి, ఒకదాని మీద నల్లటి కాలిన చార. మంచుకు ఉప్పు తడిసి కరెంటు దిగుతోంది, ఎండెక్కితే ఆరిపోతోంది. అక్కడి పాత స్విచ్చి నిదానం మనిషి. అది కదిలేలోగా నెల్లూరుది పడిపోతోంది.

"ఇంత తెలిసినోడివి నాకెందుకు చెప్పలా?"

"మీరు అడగలేదు గదా సార్. మీ కాగితంలో ఏముండాదో నాకేం తెలుసు?"

శుక్రవారం సాయంత్రం పద్మనాభయ్య సీలు విప్పి, హద్దును పదిహేడున్నర మైళ్ళకు తగ్గించాడు. రెండు నిమిషాల పని. ఇక ఆ లైను ఊరికే పడదు. స్వయంగా వెళ్ళి బాగుచేసి వచ్చాడని పేరు కూడా వస్తుంది. పొద్దున్నే ఇంజనీరు సంతకం పెడతాడు, ఓబయ్య ఇంటికి పోతాడు, ఎవరూ ఏమీ అడగరు. ఆ ఆలోచన ఎంత హాయిగా తోచిందో తలచుకుంటే ఆయనకే సిగ్గేసింది. కాగితం ముందుకు లాక్కున్నాడు. నక్షా నమ్మి లైను చూడకుండా హద్దు పెట్టినది తానేననీ, ఓబయ్య ప్రతిసారీ నిజమే చెప్పాడనీ రాసి, కింద పూర్తి పేరు పెట్టాడు.

శనివారం కామాక్షయ్య అది రెండుసార్లు చదివాడు. "ప్లగ్గు మార్చేసి ఊరుకోకూడదటయ్యా? ఎవరు చూడొచ్చారు?"

"మనిషి అబద్ధం చెప్తాడని మీతో అన్నది నేను గదా సార్. ఆ మనిషెవరో గూడా నేనే చెప్పాల."

కామాక్షయ్య పాత కాగితం చించేసి, పర్మినెంటు ఆర్డరు మీద సంతకం పెట్టి, ఓబయ్యను పిలిపించి చేతిలో పెట్టాడు. ఓబయ్య కళ్ళకద్దుకున్నాడు. సంతోషం మొహంలో పట్టడం లేదు. పద్మనాభయ్యకూ గుండె తేలికైంది, పోయిన పరువు పోయిందిలే అనిపించింది. కానీ ఓబయ్య కదలడే!

"ఇంకా ఏంది ఓబయ్యా?"

"ఏం లేదు సార్... మీరు హద్దులు పెట్టిన లైన్లు ఇంకో నాలుగుండాయి గదా. అవి గూడా నక్షా చూసేనా?"

కామాక్షయ్య పకపకా నవ్వాడు. పద్మనాభయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నక్షా చూసే. నాలుగూ నక్షా చూసే! అంతలో ఆయనకూ నవ్వు ఆగలేదు.

"సోమవారం పొద్దున్నే వచ్చెయ్ ఓబయ్యా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి నువ్వు చెప్తా ఉండు, నేను రాసుకుంటా."